నాలుగు వేళ్ల పసుపు చెయ్యి

"వాసన చూడండి మేడం, మీకే తెలుస్తుంది," అన్నాడు కృష్ణకాంత్. క్వార్టర్ సీసా ఒకటి బల్ల మీద పెట్టి, కేసంతా అందులోనే మూత బిగించి ఉన్నట్టు దాన్ని రెండు వేళ్లతో ఇటు జరిపాడు.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ నవనీత సీసా ముట్టుకోలేదు. ముందు మనిషిని చూసింది. ఒకప్పుడు ఇద్దరూ ఒకే స్టేషన్లో ఎస్సైలు. తర్వాత కృష్ణకాంత్ ఖాకీ వదిలేసి ఇన్సూరెన్స్ కంపెనీలకు పరిశోధకుడిగా చేరాడు. పోయినవాళ్ల తప్పు ఎక్కడుందో వెతికి పెట్టడం ఇప్పుడతని కొలువు. అందులో గట్టివాడని పేరు కూడా తెచ్చుకున్నాడు మహానుభావుడు.

"ఎక్కడ దొరికింది?" అంది నవనీత.

"వాడి ప్యాంటు జేబులో. తాగాడు, పైకెక్కి గంతులేశాడు, పడ్డాడు. నడుముకు సేఫ్టీ బెల్టు కూడా లేదు. రిపోర్టు సగం రాసేశాను."

"రక్తపరీక్ష రిపోర్టు రాకముందే?"

"సీసా వచ్చింది కదా మేడం."

జడ్చర్ల పారిశ్రామికవాడలో వాళ్లిద్దరూ ఇప్పుడున్న షెడ్డులో ఫైబర్ టాంకీలు, నిచ్చెనలు, స్టాండ్లు చేస్తారు. మందుల కంపెనీల్లో ఆసిడ్ ఆవిరికి ఇనుము తుప్పుపట్టి పోతుంది కనుక వీటికి గిరాకీ. రెండు రోజుల కింద శివకృష్ణ అనే కుర్రాడు షెడ్డు వెనక ఎత్తున ఉన్న నీళ్ల టాంకీ వాల్వు తిప్పడానికి ఎక్కాడు. నిలబడిన ఫైబర్ పలక కూలింది. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. వాడికి ఇరవై మూడేళ్లు.

వాడి తల్లి బీరమ్మ పొద్దుటి నుంచి గేటు దగ్గర నేల మీద కూర్చునే ఉంది. గొర్లు కాసే ఇల్లు. నవనీత జీపు దిగగానే లేచి రెండు చేతులెత్తి దండం పెట్టింది. కుడిచేతికి ఉంగరపు వేలు లేదు. చిన్నప్పుడెప్పుడో బొచ్చు కత్తిరించే కత్తెర కింద పోయిందట. అడిగితే అంతే చెప్పి చెయ్యి కొంగులో దాచుకుంది.

"నాకు పైసలొద్దు మేడం," అంది బీరమ్మ. "నా కొడుకు తాగి పడి సచ్చిండని ఊరంత అంటున్రు. వాడు చుక్క ముట్టనోడు. గా ఒక్క మాట తీసెయ్యుండ్రి. గా మాట మీదేసుకొని నేను బతకలేను."

ఆ మాట నవనీత చెవిలోంచి పోలేదు. తాగుబోతు అని పేరుపడ్డ శవానికి ఏడ్చేవాళ్లు కూడా గొంతు తగ్గించుకుని ఏడుస్తారు. ఆమె స్టేషన్లో అలాంటి తల్లుల్ని చాలామందిని చూసింది.

ఇప్పుడు సీసా చేతిలోకి తీసుకుని తిప్పింది. మూత మధ్యలో మేకుతో పొడిచినట్టు సన్నని చిల్లు ఉంది.

"కృష్ణకాంత్ గారూ, తాగేవాడు మూతకు చిల్లెందుకు పెట్టుకుంటాడు?"

అతను తడుముకున్నాడు. "గబుక్కున తాగడానికేమో."

"చిల్లులోంచి చుక్కలు చుక్కలుగానా? పాలసీసా అనుకున్నాడా?"

కాన్‌స్టేబుల్ పోచయ్య నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగాడు. నవనీత అతణ్ని పంపి షెడ్డులో నాణ్యత చూసే ఇంజనీరును పిలిపించింది. ఆమె పేరు సుహాసిని. ముప్పై కూడా నిండని అమ్మాయి, కళ్లు వాచి ఉన్నాయి. సీసా చూడగానే గుర్తుపట్టింది.

"అది హార్డ్‌నర్ మేడం, రెజిన్ జిగురును గట్టిగ చేసేది. డబ్బాలోంచి పోస్తే ఎక్కువ పడుతది. అందుకే పనోళ్లందరు ఖాళీ క్వార్టర్ సీసాలల్ల పోసుకొని మూతకు చిల్లు పెట్టుకుంటరు. ఎన్నిసార్లు వద్దన్నా ఇనరు."

"ఊరికే చెబితే ఈయన నమ్మడు. చూపించు."

సుహాసిని కాగితం గ్లాసులో రెజిన్ పోసుకొచ్చింది. పలచని బెల్లం పాకంలా ఉంది. సీసా వంచి కొన్ని చుక్కలు వేసి పుల్లతో కలిపింది. కాసేపటికి గ్లాసు వేడెక్కింది. ఇంకాసేపటికి పుల్ల కదలకుండా బిగుసుకుపోయింది. నవనీత ఆ గ్లాసును తలకిందులు చేసి కృష్ణకాంత్ ముందు పెట్టింది. చుక్క కారలేదు.

"ఇది తాగితే మనిషి గంతులెయ్యడు. మాట పడిపోతుంది," అంది నవనీత. "ఆ సగం రిపోర్టు చించెయ్యండి."

కృష్ణకాంత్ ముఖం మాడింది గానీ మనిషి ఓడిపోలేదు. "సరే, సీసా పోయింది. పలక ఎందుకు కూలింది మరి? అయిదుగురు ఎక్కినా మోసే సరుకు అది. ఒక్కడికి కూలిందంటే వాడేదో చేసి ఉండాలి."

"అదీ చూద్దాం పదండి."

షెడ్డు వెనక ఇనుప స్తంభాల మీద టాంకీ ఉంది. దాని పక్కన షెడ్డు గోడకు బిగించి, పలకను కింది నుంచి మోసే రెండు ఫైబర్ దాపుల్లో ఒకటి గోడకే ఉంది, రెండోది విరిగి సగం కింద పడింది. సిమెంటు నేల మీద ఎవరో ఎర్రమట్టి చల్లారు. ఆ మట్టి ఎందుకు చల్లారో అందరికీ తెలుసు కనుక ఎవరూ అటు కాలు పెట్టలేదు.

నవనీత విరిగిన దాపును ఎత్తి చూసింది. "ఇంజనీరమ్మా, ఇది అసలెట్ల చేస్తరో మొదటి నుంచి చెప్పు. నాకేం తెలియదనుకో."

"గాజు దారంతో నేసిన బట్ట ఉంటది మేడం. అచ్చు మీద ఒక పొర పరుస్తం, రెజిన్ పూస్తం, గాలి బుడగలు పోయేదాక రోలరుతో అదుముతం. మళ్ల పొర, మళ్ల రెజిన్. బరువు మోసేది దారం. కానీ దారాలు విడివిడిగా ఉంటే వంగిపోతయ్. రెజిన్ వాటిని పట్టుకొని ఉంటది, ఒక దారం మీద పడ్డ బరువు పక్క దారానికి పంచుతది. రెజిన్ ఒక్కటే ఉంటే పెళుసు, పింగాణీ లెక్క పగులుతది. రెండు కలిస్తేనే బలం."

"అంటే గొంగడికి చింతగింజల గంజి పట్టించినట్టు," అంది నవనీత. ఆమె మేనత్త ఊళ్లో గొంగళ్లు నేసేవాళ్లు. గంజి పట్టిన గొంగడి వానలో గుడిసెలా నిలబడేది. గంజి సరిగా పట్టనిది నాలుగు చినుకులకే ఒళ్లంతా జారేది.

"అట్లనే మేడం. దారానికి, రెజిన్‌కి నడుమ పట్టు ఉండాలె. పట్టు లేకుంటే అది ఉత్త బట్టల మూట."

నవనీత విరిగిన ముఖాన్ని ఎండ వైపు తిప్పింది. అంచుల దగ్గర దారాలు రెజిన్‌తో కలిసి మొండిగా తెగి ఉన్నాయి. నడుమ మాత్రం అట్ల కాదు. పొరలు పూరీల్లా ఒకదాన్నొకటి వదిలేశాయి. దారాలు తెల్లగా, పొడిగా, తలదువ్వినట్టు బయటికి వచ్చాయి. వేలితో లాగితే ఒక దారం ఇట్టే ఊడి వచ్చింది.

"ఈ నడుమ నీ రెజిన్ ఎందుకు పట్టలేదు?"

సుహాసిని చూపు పక్కకు తిప్పుకుంది.

"మీరు సరుకు పరీక్ష చెయ్యరా?"

"చేస్తం మేడం. రూపాయి బిళ్లతో తడతం. పొరలు కలిసి ఉంటే టంగుమంటది. లోపల విడిపోయి ఉంటే చప్పుడు చచ్చిపోయినట్టుంటది."

నవనీత జేబులోంచి బిళ్ల తీసి గోడకున్న దాపును తట్టింది. గంట మోగినట్టు మోగింది. చేతిలో ఉన్న ముక్కను అంచు మీద తట్టింది, అదీ మోగింది. విరిగినచోటుకి దగ్గరగా జరుపుతూ తట్టుకుంటూ వచ్చింది. ఒకచోట నుంచి చప్పుడు దబ్బుమని పడిపోయింది. చెవిటివాడికైనా తేడా తెలుస్తుంది.

"ఒక్క రూపాయి బిళ్ల," అంది నవనీత. "దీన్ని తట్టి చూశారా?"

"లేదు మేడం," అంది సుహాసిని. "అమ్మే సరుకంతా తడతం. ఇది మన సొంతానికే కదా అని తట్టలే."

కృష్ణకాంత్ అప్పటికే ముక్కను నవనీత చేతిలోంచి తీసుకుని కింద వైపు చూస్తున్నాడు. పై వైపు రంగు వేశారు గానీ కింద వెయ్యలేదు. రంగు లేని ఫైబర్ మైనపు కాగితంలా ఉంటుంది, ఎండకు పెడితే లోపలిది కనిపిస్తుంది. అతను దాన్ని ఎత్తి ఎండకు పట్టి, చిన్నగా ఈల వేశాడు.

"మేడం, మీ సీసా కంటే ఇది బాగుంది."

లోపలి పొరల్లో పసుపు రంగు మరక ఉంది. మరక కింద ఇంకో మరక, దాని కింద ఇంకోటి, లోపలికి పోయేకొద్దీ మసకగా. అన్నింటికీ ఒకటే ఆకారం. అరచెయ్యి. పగిలిన గీత ఆ అరచేతి నడుమ నుంచే పోయింది, వేళ్ల వైపు ఈ ముక్కలో మిగిలింది.

సుహాసిని గోటితో గీరి వాసన చూసింది. "పసుపు. ఆముదంల కలిపిన పసుపు." నీరసంగా మెట్టు మీద కూర్చుండిపోయింది. "గాజు దారం వత్తి లెక్క నూనె గుంజుతది మేడం. ఆ బట్ట చుట్టగా చుట్టి ఉంటది, పైన ఒక్కచోట పడితే లోపలి చుట్లకు కూడా దిగుతది. నూనె ఉన్నచోట రెజిన్ పట్టదు. ఆ చుట్ట పైపొరల నుంచే దీనికి ముక్కలు కోసినం. మరకలన్ని ఒకదాని మీద ఒకటి పడ్డయ్."

"అంటే ఎవరో కావాలని నూనె పూశారు," అన్నాడు కృష్ణకాంత్. ఫోను తీసి నాలుగు వైపుల నుంచీ ఫోటోలు కొట్టాడు. గొంతులో హుషారు దాచుకోలేదు. "బయటివాళ్ల కుట్ర. కంపెనీకి సంబంధం లేదు, ఇన్సూరెన్సుకి అసలే లేదు. ఈ చెయ్యి ఎవరిదో తేలితే కేసు ముగిసినట్టే. తేల్చడం కూడా కష్టం కాదు. చూడండి, నాలుగే వేళ్లున్నాయి."

నవనీత కూడా అదే చూస్తోంది. చిటికెన వేలుకీ నడిమి వేలుకీ మధ్య ఖాళీ. పొద్దున గేటు దగ్గర ఎత్తిన దండం కళ్ల ముందుకు వచ్చింది. ఈ ఉద్యోగంలో చేరాక మొదటిసారి, నిజం దొరికినందుకు ఏడుపొచ్చింది.

"సుహాసినీ, ఈ చుట్టకు పసుపు ఎవరు పెట్టారో నీకు తెలుసు," అంది మెల్లగా. "చెప్పు."

"దసరా నాడు ఆయుధపూజ చేసినం మేడం. ఇండ్లోళ్లందరినీ పిలిచినం. నేను పూజల లేను. మరుసటి రోజు శివకృష్ణ వచ్చి అడిగిండు. మేడం, చుట్ట మీద పసుపు మరక పడ్డది, గా జాగా కోసి పారెయ్యాల్నా అని." ఆమె చేతుల్లో ముఖం దాచుకుంది. "నేను తలెత్తి చూడలే. పసుపే కదా, రంగేస్తే కనబడదు పో అన్న. వాడు అడిగిండు మేడం. వాడు నన్ను అడిగిండు."

"పూజకు వచ్చినవాళ్లలో నాలుగు వేళ్లవాళ్లెవరు?" కృష్ణకాంత్ వదల్లేదు.

"గది నా చెయ్యే సారు."

అందరూ తిరిగారు. బీరమ్మ గోడ మూల దగ్గర నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో, ఎంతసేపు విన్నదో తెలియదు. పోచయ్య ఆపబోతే నవనీత వద్దని సైగ చేసింది. బీరమ్మ ఎర్రమట్టి చుట్టూ తిరిగి వచ్చి, కొంగులోంచి చెయ్యి బయటకు తీసి, ఎండకు మెరుస్తున్న ఆ మరక మీద ఆనించింది. వేళ్లకు వేళ్లు సరిగ్గా సరిపోయాయి.

"మేము బొచ్చు కోసేటప్పుడు కత్తెరకు ఆముదంల పసుపు కలిపి పెడ్తం," అంది. ఎవరితో చెబుతోందో ఆమెకే తెలియనట్టుంది. "ఆడికి పోతే అందరు మిషన్లకు బొట్లు పెడుతున్రు. నా కొడుకుకు మిషన్ లేదాయె. అమ్మా, నా పని గీ బట్టతోనే అని చుట్ట చూపిచ్చిండు. ఇంటికాడి నుంచి గిన్నెల తీస్కపోయిన పసుపుల చెయ్యి ముంచి ఒత్తిన. నా బిడ్డ పని సల్లగుండాలని ఒత్తిన." ఆమె నవనీత వైపు చూసింది. "నా చెయ్యి తగిలే వాడు పడ్డడా మేడం?"

నవనీత అబద్ధం చెప్పాలనుకుంది. నాలుకదాకా వచ్చింది కూడా. కానీ ఆ ముక్క బీరమ్మ చేతి కిందే ఉంది.

"నూనె వల్ల పట్టు పోయింది అక్కా. నీకు తెలియదు. తెలియాల్సినవాళ్లను నీ కొడుకు అడిగిండు, వాళ్లు చూడలేదు."

బీరమ్మ ఏడవలేదు. మరక మీంచి చెయ్యి తీసింది. "అయితే వాడు తాగలేదని తేలినట్టేనా?"

"తేలింది."

"ఇగ నా పేరు రాసుకోండ్రి. గా మాట తీసెయ్యుండ్రి, నా పేరు రాయుండ్రి." రెండు చేతులూ కలిపి ముందుకు చాచింది. ఆ చేతుల్ని చూస్తూ నవనీత చూపు తిప్పుకోలేకపోయింది. అప్పుడే బీరమ్మ నొసలు ముడిపడింది. "మేడం, ఇంకో చుట్ట ఏది?"

"ఏ చుట్ట?"

"రెండు చుట్టలుండె కదా. ఒకదానికి పెట్టి ఇంకోదాన్ని ఇడిసిపెడితే మంచిగుండదని దానికి సుత పెట్టిన."

సుహాసిని దిగ్గున లేచింది. "అది స్టాండుకు వాడినం. ఓనరు సారు సొంతూరు, తిరుమలగిరి దిక్కు. అక్కడి బడికి నీళ్ల టాంకీ స్టాండు దానంగా ఇచ్చిండు."

"తట్టి చూశారా?"

"దానం కదా మేడం... బిల్లు లేని సరుకు..."

"టాంకీ కింద ఏముంటుంది?"

"నల్లాలు. పిల్లలు అన్నం తిని పళ్లాలు కడుక్కునేది అక్కడే."

నవనీత గడియారం చూసింది. పన్నెండున్నర దాటింది. తిరుమలగిరి ఇక్కడికి రెండున్నర, మూడు గంటల దారి. "నంబరుందా?"

థాంక్స్ చెబుతూ మెసేజ్ పెట్టిన టీచరమ్మ నంబరుంది. సుహాసిని ఆ మెసేజ్ వెతికి తీయగానే కృష్ణకాంత్ ఫోను లాక్కుని స్పీకరు పెట్టి కలిపాడు. మోగింది, మోగి ఆగిపోయింది. మళ్లీ కలిపాడు. ఈసారి ఎత్తారు. వెనక పళ్లాల చప్పుడు, పిల్లల గోల, ఎక్కడో మోటారు మోత.

"నాగరాణి టీచర్‌నండి, ఎవరు?"

"జడ్చర్ల నుంచి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ను. టాంకీ స్టాండు దగ్గర పిల్లలున్నారా?"

"ఉన్నరు మేడం, పళ్లాలు కడుగుతున్రు. ఎందుకు?"

"స్టాండు కాళ్ల మీద పసుపు మరక ఏమైనా ఉందా?"

"ఓ, పసుపు చెయ్యా! ఒక కాలు లోపలి దిక్కు ఉన్నది మేడం. పిల్లలు రోజు దాని మీద తమ చేతులు పెట్టి కొలుచుకుంటరు. నాలుగు వేళ్లే ఉన్నయని నవ్వుకుంటరు. నిన్నటి సంది దాని చుట్టు తెల్లగ ఉబ్బినట్టుంది. ఎండకు పొక్కిందేమో అనుకున్నం."

నవనీత నోరు తెరిచేలోపే బీరమ్మ ఫోను అందుకుంది. రెండు చేతులతో నోటికి దగ్గరగా పట్టుకుంది.

"బిడ్డా, నీ కాళ్లు మొక్కుత, పిల్లలను జరుపు! పళ్లాలు గాడనే పారేసి ఉరకమను! మోటరు బంజెయ్యమను! అది ఇరుగుతది బిడ్డా, నా కొడుకు అట్లనే సచ్చిండు!"

ఆ గొంతులో ఏముందో గాని టీచరు ఇంకో ప్రశ్న వెయ్యలేదు. ఈల మోగింది. "పరుగెత్తుండ్రి! గ్రౌండులకు! పళ్లాలిడిసి పెట్టుండ్రి!" కాళ్ల చప్పుడు, ఎవరో పిల్ల ఏడుపు. మోటారు మోత ఆగింది. తర్వాత ఎండుకట్టె విరిగినట్టు చప్పుడు ఒకటి, వెంటనే నేల అదిరినట్టు ఇంకోటి, ఆ వెనకే నీళ్లు వరదలా పారిన చప్పుడు.

"బిడ్డా," అంది బీరమ్మ. "ఇనబడుతాందా? పిల్లల లెక్కబెట్టు. ఒక్కొక్కల్ని ముట్టుకొని లెక్కబెట్టు."

గొర్లను దొడ్లోకి తోలేటప్పుడు ఆమె రోజూ అలాగే లెక్కబెడుతుంది కాబోలు. టీచరు ఏడుస్తూ పేర్లు పిలవడం మొదలుపెట్టింది. ఒక్కో పేరుకూ ఒక చిన్న గొంతు "ఉన్న మేడం" అంటోంది. ఒక పేరుకు జవాబు రాలేదు. టీచరు రెండోసారి పిలిచింది. మూడోసారి పిలిచింది. కృష్ణకాంత్ కళ్లు మూసుకున్నాడు. ఎక్కడో దూరంగా, ఏడుపు నడుమ, "ఈడున్న మేడం" అని వినిపించింది.

"అందరున్నరమ్మా," అంది నాగరాణి. "అందరున్నరు."

నవనీత కళ్లు తుడుచుకోకుండానే కృష్ణకాంత్ వైపు తిరిగింది. "ఏమండీ, ఆ స్టాండు కూడా తాగి పడిందని రాస్తారా?"

కృష్ణకాంత్ తన ఫోను తీసి ఫోటోలు చూశాడు. "సీసా మాట కొట్టేస్తాను. చెయ్యి మాట కొట్టెయ్యలేను మేడం. ఫోటోలు ఇందాకే ఆఫీసుకు పోయాయి. రేపు వాళ్లు ఈమె మీద కేసు పెట్టమంటారు, పట్టు విడవరు."

"పెట్టమననివ్వండి. ఆ పిల్లాడు అడిగిండని, ఈ షెడ్డు ఒక రూపాయి బిళ్ల తీసి తట్టలేదని దాని పక్కనే రాయండి. ఈ అమ్మాయి వాంగ్మూలం నేను తీసుకుంటాను. సుహాసినీ, మీ ఓనరును ఇక్కడికి రమ్మను, తానుగా వస్తే సరి."

సుహాసిని తలూపింది. చెబుతానన్నట్టే ఊపింది.

బీరమ్మకు ఈ మాటలేవీ పట్టలేదు. ఆగిపోయిన ఫోనును ఇంకా చెవికి ఆనించుకునే ఉంది. మెల్లగా ఎర్రమట్టి దగ్గరికి పోయి కూర్చుంది, తన చెయ్యిని ముందు పెట్టుకుని ఎవరిదో అన్నట్టు చూసింది. అప్పుడు ఏడుపు వచ్చింది. రెండు రోజులుగా గొంతు తగ్గించి ఏడ్చిన మనిషి, షెడ్డు రేకులు అదిరేలా ఏడ్చింది.

నవనీత టోపీ తీసి పోచయ్యకిచ్చి, ఆమె పక్కనే మట్టిలో కూర్చుని, ఆ నాలుగు వేళ్ల చెయ్యిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"మేడం," అంది బీరమ్మ వెక్కుతూ, "గా పిల్లలకు చేసినట్టు, మొన్న నా శివయ్యకు సుత ఎవలన్న ఒక్క ఫోన్ చేస్తే బతుకుతుండె గద."